ఎలీట్ ట్రయథ్లాన్: ప్యాక్‌లో కూర్చుంటే సైకిల్ అయిపోతుందంటున్నారు, నిజమేనా?

తిరువాన్మియూర్_బాబాయి అడిగింది:

అందరికీ నమస్కారం. మా అన్న కూతురికి 17 ఏళ్లు, ట్రయథ్లాన్ (ఈత, సైకిల్, పరుగు వరసగా ఒకే రేసులో) నేర్చుకుంటోంది. పూల్‌లో 1500 మీటర్లు 19:40, ట్రాక్ మీద 5 కి.మీ. 19:50. రోడ్ సైకిల్ మొదలుపెట్టి ఏడాదయింది. ముందు జూనియర్ రేసులు, ఆ తర్వాత కాంటినెంటల్ కప్ (ఖండం స్థాయి అంతర్జాతీయ రేసులు) అనుకుంటున్నాం. ఇక్కడ సలహా ఇచ్చేవాళ్లలో సగం మంది, "ఎలీట్ రేసుల్లో డ్రాఫ్టింగ్‌కి అనుమతి ఉంది, ప్యాక్‌లో (సైకిళ్ల గుంపులో) గాలి తగలకుండా ఒకరి వెనక ఒకరు వెళ్లిపోతారు, రన్ ఒక్కటి దంచితే చాలు" అంటున్నారు. మగవాళ్ల రేసులు చూస్తే అలాగే ఉంది కూడా. ఆడవాళ్ల రేసులకీ ఇదే లెక్కా? చెన్నైలో ఉంటూ ముందు దేని మీద పడాలి?

వేళచ్చేరి_లేన్4:

బాబాయ్ గారూ, ఆ లెక్క సగమే నిజం. ప్యాక్‌లో కూర్చోవాలంటే ముందు ప్యాక్ అందాలి కదా.

ఆడవాళ్ల రేసులో నీళ్లలోనే మనుషులు బాగా చెదిరిపోతారు. మగవాళ్లలో చాలాసార్లు ముప్ఫై మంది ఒక్క గుంపుగా బయటికొస్తారు, ఇక్కడ అంత పెద్ద గుంపు తరచూ దొరకదు. టోక్యో ఒలింపిక్స్‌లో (2021 జులై 27) చిన్న గుంపు ఒకటి ముందే విడిపోయింది, పతకాలు మూడూ అందులోవాళ్లకే వెళ్లాయి: ఫ్లోరా డఫీ, జార్జియా టేలర్-బ్రౌన్, కేటీ జఫెరెస్. టేలర్-బ్రౌన్‌కి సైకిల్ చివర్లో టైరు పంక్చరైంది. అయినా పరుగులో వెనక్కి తెచ్చుకుని రజతం కొట్టింది. ముందు గుంపులో ఉంది కాబట్టే ఆ నష్టం సెకన్లతో పోయింది.

జూనియర్లది స్ప్రింట్ దూరం: 750 మీటర్ల ఈత, 20 కి.మీ. సైకిల్, 5 కి.మీ. పరుగు. ఉదాహరణకి పది మంది వంతులేసుకుని గంటకి 40 కి.మీ. తీస్తున్నారనుకోండి, 20 కి.మీ.కి 30:00. అదే కాళ్లతో ఒంటరిగా తొక్కితే 36 వస్తే గొప్ప, అంటే 33:20. నీళ్ల దగ్గర 40 సెకన్లు తప్పిన పాప సైకిల్ దిగేసరికి నాలుగు నిమిషాలు వెనక. ఆ సైకిల్ నష్టం ఒక్కటే, ఆ 3:20, 5 కి.మీ. పరుగులో రాబట్టాలంటే కి.మీ.కి 40 సెకన్లు వేగంగా పరిగెత్తాలి. ఎవరివల్లా కాదు. పైగా ల్యాప్ 2 కి.మీ. ఉంటే ముందు గుంపు దాన్ని 3:00కి చుట్టేస్తుంది. అంటే మన పాపని సైకిల్ మీదే ఓవర్‌టేక్ చేస్తారు. అలా ఒక చుట్టు వెనకబడితే రేసులోంచి దించేస్తారు, ఫలితాల్లో పేరు పక్కన LAP అని పడుతుంది. పరుగు దాకా రానే రాదు.

19:40 బాగానే ఉంది. కానీ పూల్‌లో ఒకే వేగంతో తీసిన 19:40, పాంటూన్ (నీళ్ల మీద తేలే వేదిక) మీంచి దూకి మొదటి 200 మీటర్లు ఊపిరాడని కొట్లాటలో తీసే ఈత ఒకటి కావు. వారానికి రెండుసార్లు ఇది చేయించండి: 200 మీటర్లు ఎనిమిదిసార్లు, ప్రతిదాంట్లో మొదటి 50 పూర్తి బలంతో, ఆగకుండా మిగిలిన 150 రేసు వేగంతో, మధ్య 20 సెకన్లు విరామం. ఐదో సెట్ నుంచి ఆ 150 చచ్చుబడిపోతుంది. అసలు పని మొదలయ్యేది అక్కడే. ఒక లేన్‌లో నలుగురిని పక్కపక్కనే వదిలి, లేన్ తాడు దగ్గర బొంగరంలా తిప్పే బాయ్ (దారి చూపడానికి నీళ్లలో తేలే గుర్తు) మలుపు కూడా నేర్పించాలి.

సముద్రంలో ఈత అయితే కోవళం వైపు, తెల్లవారుజామున, పక్కన పడవో సర్ఫ్ బోర్డు మీద మనిషో ఉన్నప్పుడే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల్లో ఆ మాటే వద్దు. ఆరు, ఎనిమిది చేతులకోసారి తల మొత్తం ఎత్తకుండా కళ్లు మాత్రమే పైకి తెచ్చి బాయ్ చూడాలి. తల ఎత్తితే నడుము మునిగి వేగం పడిపోతుంది.

పెడల్_మీద_రబ్బరు:

పైవారి లెక్కకి ఒక్క సవరణ. ఆ 40 సెకన్లలో సగం టీ-1లో (ఈత నుంచి సైకిల్‌కి మారేచోట) పోతాయి, అదీ కోచ్‌లు నవ్వుతూ వదిలేసేచోట. దాని గురించి నాలుగు ముక్కలు.

బూట్లు ముందే పెడళ్లకి తగిలించి ఉంటాయి. క్రాంక్ చేతులు (పెడళ్లు తగిలించే కడ్డీలు) నేలకి సమాంతరంగా పెట్టాలి. ముందుకున్న బూటు మడమ దగ్గరి లూప్‌లోంచి సన్నటి రబ్బరు బ్యాండు తీసి బాటిల్ కేజ్ బోల్టుకి, వెనకున్న బూటుది వెనక చక్రం ఇరుసుకి తగిలించాలి. మొదటి పెడల్ వేటుకే రెండూ తెగిపోవాలి. కూరగాయల సంచికి చుట్టే లావు బ్యాండు వేస్తే తెగదు, బూటు తిరగబడి నేలకి రాసుకుంటుంది. పలచటిది కూడా ఎండలో రెండు రోజులుంటే పెళుసెక్కి సైకిల్ నెట్టేటప్పుడే తెగుతుంది. కాబట్టి రేసు పొద్దున కొత్తది.

గేరు ముందే మధ్యలో పెట్టి ఉంచాలి, బరువు గేరులో ఎక్కితే మొదటి పది మీటర్లు పెనుగులాటే.

హెల్మెట్ పట్టీ క్లిప్ పడ్డాకే సైకిల్ మీద చెయ్యి పడాలి. తిరిగొచ్చాక సైకిల్ రాక్‌కి పెట్టేదాకా క్లిప్ విప్పకూడదు. టోపీ, కళ్లద్దాలు తన పెట్టెలోనే పడాలి, బయట పడితే టైమ్ పెనాల్టీ. మౌంట్ గీత (సైకిల్ ఎక్కే గీత) దాటాక పాదం నేలని తాకి అప్పుడే ఎక్కాలి. తప్పితే రేసు దూరాన్ని బట్టి 10 లేదా 15 సెకన్ల పెనాల్టీ, అదీ పరుగు మధ్యలో పెనాల్టీ బాక్స్‌లో నిలబడి. కొంచెం తొందరపాటు మొత్తం రేసు తినేస్తుంది.

మూడొందల మీటర్లు ఈది, వణుకుతున్న చేతులతో క్లిప్ పెట్టడం వారానికి ఇరవైసార్లు చేయించండి. పొడి చేతులతో చేస్తే లెక్కలోకి రాదు.

ఈసీఆర్_ఐదింటికి:

ఈత ముఖ్యమే, కానీ మీరు చెప్పిన అంకెల్లో పెద్ద బొక్క సైకిలే. ఏడాది అనుభవం ఉన్న పిల్ల పది మంది మధ్యలో గంటకి 40తో వెళ్తూ బ్రేకు పట్టుకుంటే, తనతో పాటు ఇంకో ముగ్గురు పడతారు.

డ్రాఫ్టింగ్‌లో వెనకున్నవాళ్లకి దాదాపు మూడో వంతు శ్రమ తగ్గుతుంది, నిజమే. కానీ యూ-టర్న్ ఉన్నచోట ఆ లాభం తిరగబడుతుంది. ముందున్నవాళ్లు మలుపు తిరిగి లేచేసరికి వెనకవాళ్లు ఇంకా బ్రేకు మీదుంటారు, మళ్లీ అందుకోవడానికి 8-10 సెకన్లు పూర్తి బలంతో తొక్కాలి. అలా 16 మలుపులైతే కాళ్లు పరుగుకి ముందే ఖాళీ. అందుకే గుంపులో మొదటి ఐదు స్థానాల్లో ఉండటమే విశ్రాంతి. ఇది మాత్రం ఆడవాళ్ల రేసులో ఇంకా ఘాటుగా ఉంటుంది, గుంపు చిన్నది కాబట్టి దాక్కోవడానికి చోటుండదు, వంతు ఎగ్గొడితే కేకలు పడతాయి.

ఈసీఆర్‌లో (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ట్రాఫిక్ మధ్య యూ-టర్న్ ప్రాక్టీస్ వద్దు. ఖాళీ పార్కింగ్ స్థలంలో ఆరు మీటర్ల వెడల్పుతో రెండు కోన్లు పెట్టండి: బయటి కాలు కిందకి, బరువు దాని మీద, బ్రేకు మలుపుకి ముందే పూర్తి, చూపు బయటపడే దారి మీద. ఆ తర్వాత జంటగా, చక్రానికి చక్రం అర మీటరు దూరంలో.

వాన పడితే టైరులో గాలి 8-10 పీఎస్ఐ తగ్గించండి, తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతల మీద సైకిల్ వంచొద్దు. 2024 పారిస్ ఒలింపిక్స్ ఆడవాళ్ల రేసులో తడి రోడ్డు మీద ఎంతమంది జారారో అందరూ చూశారు. అందులో గెలిచిన కసాండ్ర బోగ్రాన్ చివరికి పరుగుతోనే గెలిచింది, కానీ ముందు గుంపులో కింద పడకుండా దిగింది, అదీ విషయం.

ఇంకోటి: క్లిప్-ఆన్ ఏరో బార్లు (మోచేతులు ఆనించుకోవడానికి హ్యాండిల్‌కి బిగించే కడ్డీలు) ఎవరైనా అమ్మజూపితే కొనకండి. 2023 నుంచి డ్రాఫ్టింగ్ ఉన్న ఎలీట్ రేసుల్లో అవి నిషిద్ధం. మామూలు డ్రాప్ హ్యాండిల్‌బారే.

తాంబరం_స్పోర్ట్స్_ఫిజియో:

అందరూ వేగం గురించే మాట్లాడుతున్నారు, తిండి గురించి ఎవరూ ఎత్తలేదు. ఈ వయసు ఆడపిల్లలు ఈ ఆట వదిలేసే కారణాల్లో ఇదొక పెద్దది.

52 కిలోల అమ్మాయిలో కొవ్వు కాని బరువు సుమారు 42 కిలోలు. వ్యాయామం ఖర్చు తీసేశాక కిలోకి 45 కేలరీలు మిగలాలి, అంటే 1890. రెండు సెషన్ల రోజు ఖర్చు ఇంకో 900. మొత్తం 2800 దగ్గర. నాలుగు ఇడ్లీలు, ఒక గరిటె సాంబారు 300 అటూ ఇటూ. పొద్దున ఈత అయ్యాక అంతటితో సరిపెట్టి కాలేజీకి వెళ్తే ఆ రోజు లెక్క తప్పినట్టే. కిలోకి 30 కంటే కిందికి పోయి అలాగే నెలలు గడిస్తే నెలసరి ఆగుతుంది, ఎముకలు బలహీనపడతాయి, షిన్ నొప్పి అనుకున్నది స్ట్రెస్ ఫ్రాక్చర్‌గా (ఎముకలో సన్నటి పగులు) తేలుతుంది. మూడు నెలలు రాకపోతే "ట్రైనింగ్ వల్లలే" అనుకోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్ష ఆరు నెలలకోసారి చేయించండి. 30 కంటే తక్కువైతే మాత్రలు సొంతంగా మొదలుపెట్టొద్దు, డాక్టరు చెప్పాలి. ఐరన్ ఉన్న భోజనానికి ఫిల్టర్ కాఫీ గంట దూరంగా ఉండాలి.

చెన్నై ఎండలో చెమట కొలవడం తేలిక: గంట పరుగుకి ముందు, తర్వాత తుడుచుకుని తూకం. తగ్గిన కిలోకి లీటరు, మధ్యలో తాగింది కలుపుకోవాలి. టోక్యోలో వేడి భయంతోనే ఆడవాళ్ల రేసు పొద్దున ఆరున్నరకి పెట్టారు, అదీ వానతో ఆలస్యమైంది. మన దగ్గర మే నెల ఎనిమిదింటికి కఠినమైన సెట్ పెట్టకండి.

సాడిల్ మధ్యలో కోత ఉన్నది చూడండి, క్రాంక్ 165 మి.మీ. లేదా ఇంకా చిన్నది. ఎత్తు తక్కువున్నవాళ్లకి షాపులో 170 తగిలించి పంపేస్తుంటారు, నడుము అటూ ఇటూ ఊగుతుంటే అదే కారణం.

తిరువాన్మియూర్_బాబాయి:

అక్కా, అన్నలూ, చాలా థ్యాంక్స్. ఇంకో చిన్న డౌట్. వెట్‌సూట్ (చల్లటి నీళ్లలో వేసుకునే రబ్బరు సూట్) కొనాలా? ఎంట్రీలు మేమే కట్టుకోవచ్చా?

వేళచ్చేరి_లేన్4:

నీళ్లు 20 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ ఉంటే ఎలీట్, జూనియర్లకి వెట్‌సూట్ నిషిద్ధం. మన సముద్రం ఎప్పుడూ దానికి పైనే. చలి దేశంలో రేసు ఖరారయ్యాక అద్దెకి చూద్దాం. డబ్బు మిగిలితే ట్రైసూట్ (మూడింటికీ ఒకటే వేసుకునే రేసు దుస్తులు) మీద పెట్టండి, జిప్ వెనక ఉన్నదే.

అంతర్జాతీయ ఎంట్రీ నేషనల్ ఫెడరేషన్ ద్వారానే వెళ్తుంది, సొంతంగా కుదరదు. ముందు నేషనల్స్‌లో ర్యాంకు కావాలి. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో మన దేశం తరఫున ప్రజ్ఞా మోహన్, సంజనా జోషి దిగారు, అదీ స్ప్రింట్ దూరమే. ఆ రేసు స్విమ్ స్ప్లిట్‌లు (ఈత ఒక్కదానికే పట్టిన సమయాలు) ఫలితాల పేజీలో ఉంటాయి. పాప 750కి పక్కన పెట్టి చూడండి, ఏ గుంపులో పడేదో కాగితం మీదే తెలుస్తుంది.