టబ్‌లోనే అరలు ఉండేటట్టు కట్టించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? (తిరుపతి, చిత్తూరు వాళ్లు చెప్పండి)

కొర్లగుంట_కొత్తిల్లు
పైఅంతస్తు వేస్తున్నాం. గోడలు లేచాయి, టైల్స్ ఇంకా పడలేదు. బాత్‌రూమ్ లోపలి కొలత 8 అడుగులు, 5 అడుగులు. లోపలి వైపు 5 అడుగుల గోడకు ఆనించి అక్రిలిక్ టబ్ (1500 × 750 మి.మీ.) దించాలని అనుకుంటున్నాం. సామాను చూస్తే భయమేస్తోంది. ఇద్దరివి రెండు రకాల షాంపూలు, పిల్లల బొమ్మలు, సున్నిపిండి డబ్బా, కుంకుడు రసం గిన్నె, పీచు, కాళ్లు రుద్దే రాయి, అమ్మ నువ్వుల నూనె సీసా. ఇదంతా టబ్‌తోపాటే ఇమిడిపోవాలి. గోడలో గూడు మేలా, టబ్ ముందు ప్యానెల్‌లో అరలు మేలా? తలుపులు దేనితో చేయించాలి? అంచు ఎంత వెడల్పు ఉండాలి? అమ్మకు మోకాళ్ల నొప్పి, అది కూడా మనసులో పెట్టుకుని చెప్పండి. ఖర్చు ఎంతవుతుందో కూడా.

అలిపిరి_మెట్లు
తిరుపతిలో ఉండి రెండు రకాల షాంపూలా? మొక్కు తీర్చుకుని గుండు కొట్టించుకోండి, సగం అరలు మిగిలిపోతాయి.

స్టేషన్_దగ్గర_లాడ్జి
నవ్వద్దు సామీ. గుండోళ్లతోనే మాకు బాధ. కల్యాణకట్ట నుంచి నేరుగా రూముకొస్తారు, తలంతా చందనం. టబ్ అంచు మీద తల ఆనిస్తారు. టైల్సు మధ్య తెల్ల గ్రౌట్‌లో ఆ పసుపు దిగినాదంటే ఎంత రుద్దినా పోదు. గ్రౌట్ ఎపాక్సీది వేయించుకోండి, రంగు కూడా బూడిద రంగు తీసుకోండి.

ఇంక అరల సంగతి. మా పెద్ద రూముల్లో టబ్ ముందు ప్యానెల్‌లో డ్రాయర్లు పెట్టించినాం. ఇంటీరియర్ వాడు వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ అన్నాడు. ఒక వానాకాలం గడిచేలోగా అంచులు ఉబ్బి డ్రాయర్ లోపలికీ పోదు, బయటికీ రాదు. గుంజితే పిడి చేతికొచ్చింది. విప్పించి చూస్తే లోపల బొద్దింకల సంసారం. టబ్ కింద ఎప్పుడూ తడే, చీకటే. వాటికి అంతకంటే ఏం కావాల? మా సలహా ఒకటే: టబ్ కింద అరలు వద్దు.

వాస్తు_చూసి_చెప్తాం
ముందు ఆ బాత్‌రూమ్ ఏ మూలన ఉందో చెప్పలేదు. ఈశాన్యమైతే టబ్ కాదు కదా, అసలు బాత్‌రూమే పెట్టకూడదంటారు.

కొర్లగుంట_కొత్తిల్లు
వాయవ్యం అండీ. అరల గురించి చెప్పండి.

పాకాల_బేల్దారి
అక్కా, ఆ 5 అడుగుల గోడ అవతల బెడ్‌రూము కదా? అంటే నాలుగున్నర అంగుళాల గోడ. దాంట్లో గూడు కొట్టించద్దు. మూడున్నర అంగుళాల లోతు తవ్వితే అవతల మిగిలేది ఒక అంగుళం. మంచం తలవైపు గోడంతా చెమ్మొచ్చి పెయింటు పొట్టు రాలతాది. మనూళ్ల పాత ఇండ్లలో గూళ్లుండేవంటే అవి అడుగున్నర మందం మట్టిగోడలు. నీకు గూడు కావాలంటే బయటి గోడలో పెట్టించుకో, అది 9 అంగుళాలు. 12 అంగుళాల ఎత్తు పెట్టు, నొక్కితే వచ్చే లీటరు సీసాలు గూడా నిలబడతాయి. గూటి అడుగున టబ్ వైపుకి వాటం (వాలు) ఉండాల. రవ్వంత చాలు. వాటం లేకుంటే సబ్బు నీళ్లు ఆడే నిలబడి పాచి పడతాది. అడుగుకి టైల్ వద్దు, ఒకే గ్రానైట్ ముక్క వేయిస్తే అతుకుండదు.

అసలైతే అక్రిలిక్ టబ్ ఏంటికి? ఇటుకతో కట్టి టైల్సు వేసేస్తే జీవితాంతం ఉంటాది. అంచు నీ ఇష్టమొచ్చినంత వెడల్పు.

స్ట్రక్చర్_సార్
పైఅంతస్తులో ఇటుకతో టబ్ కట్టమని చెప్పేవాళ్లు ముందు లెక్క వేయాలి. ఇటుక గోడ ఘనపు మీటరుకు దాదాపు 1,900 కేజీలు. ముందు గోడ ఒక్కటి, మీటరున్నర పొడవు, 55 సెం.మీ. ఎత్తు, నాలుగున్నర అంగుళాల మందం తీసుకుంటే దాదాపు 180 కేజీలు. ఆ పైన కింద కాంక్రీటు, ప్లాస్టరు, టైల్స్. తర్వాత 150 లీటర్ల నీళ్లు అంటే 150 కేజీలు, మనిషి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం ఇళ్లలో బాత్‌రూమ్ లైవ్ లోడ్ (కట్టడం సొంత బరువు కాక, నేల మోయాల్సిన మనుషులు, సామాను బరువు) చదరపు మీటరుకు 2 కిలో న్యూటన్లు, అంటే సుమారు 200 కేజీలు. అక్రిలిక్ టబ్ నీళ్లతో, మనిషితో కలిపి దాని చోటులో చదరపు మీటరుకు 230 దాకా వస్తుంది. గది మొత్తం మీద సర్దుకుంటుంది. ఇటుకది అలా కాదు. కట్టి తీరాలంటే ఏఏసీ బ్లాకులు (లోపల గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు దిమ్మెలు) వాడండి, ఇటుకలో మూడో వంతు బరువే.

నేను పాతికేళ్లుగా డిజైన్లు చేస్తున్నాను. తిరుచానూరు రోడ్డులో నేను చేసిన అపార్టుమెంట్లే చూసుకోవచ్చు.

పాకాల_బేల్దారి
సార్, కాగితం మీద బ్లాకు తేలికే. నీళ్లలో వేసి చూడండి ఎంత తాగతాదో. బాత్‌రూములో బ్లాకు కట్టి, దానికి ప్లాస్టరు నిలవక, టైల్సు ఊడి పడింటే పీకేసి మళ్లీ ఇటుకతో కట్టింది నేను. అది డిజైను చేసిన సారు ఫోనెత్తలా.

స్ట్రక్చర్_సార్
ఊడింది బ్లాకు వల్ల కాదు, పని వల్ల. బ్లాకుకు ముందు తడి కొట్టి, బ్లాకు జిగురుతోనే కట్టి, జాయింట్ల దగ్గర మెష్ వేసి, ప్లాస్టరు మీద వాటర్‌ప్రూఫ్ పూత రెండు సార్లు వేస్తే నీళ్లు ఎలా తాగుతుంది? ఇటుక మాత్రం తాగదా? సిమెంటు ఇసుక అంచనాగా కలిపి కట్టేవాళ్లతో వచ్చిన చిక్కు ఇది.

పాకాల_బేల్దారి
అంచనాగా కలిపేది ఎవురు సార్? మా నాయన కట్టిన ఇండ్లు ఇంకా నిలబడే ఉండాయి. సైటుకి వారానికోసారి చెప్పులకు మట్టంటకుండా వచ్చి పోయేటోళ్లు పని గురించి చెప్పేదా?

పుంగనూరు_పొట్టావు
ఇద్దరూ రవ్వ ఆగండి. ఆయమ్మ అడిగింది షాంపూ యాడ పెట్టాలని. మీరు బెజ్జం లేని చోట మేకు కొడతాండారు.

అసలు మాట నేను చెప్తా. టబ్ నింపేదానికి వేడినీళ్లు యాడినుంచి తెస్తారు? మీ దగ్గర 25 లీటర్ల గీజరు ఉందనుకో. 60 డిగ్రీలకు కాగినా, చన్నీళ్లతో 40 డిగ్రీలకు కలిపితే వచ్చేది 60 లీటర్లు పైచిల్లర. టబ్‌లో నడుము దాకా గూడా రాదు. మళ్లీ కాగేదానికి అరగంట. అప్పటికి ముందు నీళ్లు చల్లారిపోతాయి. మా ఇంట్లో కాగు పెట్టి పుల్లలు ఎగదోసేది, ఊరంతా స్నానం చేసినా మిగిలేవి.

స్ట్రక్చర్_సార్
సోలార్ పెట్టుకుంటారు. ఇది చర్చే కాదు.

కల్యాణీ_డ్యామ్_ఫ్యాన్
వేసవిలో కల్యాణీ డ్యాములో నీళ్లు అడుగంటితే కొళాయికి నీళ్లు ఎప్పుడొస్తాయా అని బిందెలు వరసపెట్టిన ఊరు ఇది. తెలుగు గంగ వచ్చాక అందరూ మరిచిపోయారు. ఒక స్నానానికి 150 లీటర్లు! కపిలతీర్థంలో మునగండి, పుణ్యం కూడా వస్తుంది.

ఎయిర్_బైపాస్_అమ్మాయి
ఎవరి నీళ్లు వాళ్లిష్టం కదండీ, ప్రతి చర్చలో ఈ పాఠం ఎందుకు? టబ్ ఉన్నంత మాత్రాన రోజూ నింపరు. మేం అందులో నిలబడి షవర్ చేస్తాం, పిల్లలకు మాత్రం వారానికోసారి నింపుతాం.

మా ఇంట్లో బోరు నీళ్లు. సబ్బుకూ ఆ ఉప్పు నీళ్లకూ పడదు, అంచు మీద, గూటిలో తెల్లగా పొర కడుతుంది. కాబట్టి అంచుకు పాలరాయి వద్దు. మరక పోవాలని నిమ్మకాయ రుద్దినా పాలరాయి పాలిష్ చచ్చిపోతుంది. గ్రానైట్ అయితే ఓర్చుకుంటుంది. కుప్పం గ్రానైట్ మన దగ్గరే దొరుకుతుంటే రాజస్థాన్ రాయి ఎందుకు. అక్రిలిక్ మీద మాత్రం బాత్‌రూమ్ యాసిడ్, ఇనుప పీచు తగలనివ్వకండి. పనిమనిషికి ముందే చెప్పండి. నాకైతే ఒక డ్రాయర్‌లో హెయిర్ డ్రయ్యర్ పెట్టుకునే ఏర్పాటు కూడా కావాలనిపించింది.

స్ట్రక్చర్_సార్
టబ్ దగ్గర హెయిర్ డ్రయ్యరా!! దయచేసి వద్దు. ఆ బాత్‌రూమ్ లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి) ఉందో లేదో ఈరోజే చూసుకోండి.

ఎముకల_వార్డు_నర్సు
అమ్మగారి మోకాళ్ల గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మేం చూసే పెద్దవాళ్లలో చాలామంది పడేది టబ్ అంచు దాటేటప్పుడు. ఒంటి కాలి మీద నిలబడి, తడి నేల మీద, పట్టుకోను ఏమీ లేకుండా. అందుకని ముందు అంచునే కూర్చునేంత వెడల్పు చేయించండి. అడుగు వెడల్పు, నేల నుంచి 17, 18 అంగుళాల ఎత్తు. ముందు దాని మీద కూర్చోవాలి, తర్వాత కాళ్లు ఒకటొకటిగా లోపలికి తిప్పుకోవాలి. పట్టుకునే కడ్డీ గోడకు బిగించాలి, టైల్‌కు కాదు. ఇటుకలోకి లోతుగా బోల్టు దిగాలి. సబ్బు పెట్టే కడ్డీని, తువ్వాలు కడ్డీని పట్టుకుని లేవబోయి కింద పడ్డవాళ్లను మేం చూస్తూనే ఉంటాం. ఇంకోటి, నువ్వుల నూనె సీసా టబ్ దగ్గరే వద్దు. నూనె ఒలికిన అక్రిలిక్ మీద కాలు నిలవదు.

పాకాల_బేల్దారి
ఈయమ్మ చెప్పింది బంగారం. ఆ అడుగు వెడల్పు అంచు కిందనే అరలు పెట్టించుకో అక్కా. టబ్‌ని ముట్టుకునే పని లేదు. టబ్ తన కాళ్ల మీద అది నిలబడుతుంది, అరల పెట్టె దాని ముందర వేరేగా. గది 8 అడుగులు కాబట్టి ఒక అడుగు పోయినా ఇబ్బంది లేదు. అడ్డపలకలు, పైపలక గ్రానైట్. పైపలక ముందుకు ఒక అంగుళం రావాల, దాని కింద సన్న గాడి కోయిస్తే నీటిధార ఆడనే తెగి కింద పడతాది, తలుపుల మీదికి కారదు.

స్ట్రక్చర్_సార్
దీనికి అభ్యంతరం లేదు. గ్రానైట్ పలకలతో పెట్టె అంటే బరువు ఇటుక గోడకంటే తక్కువే. అయితే ఒకటి మరిచారు. టబ్ ట్రాప్ (నీళ్లు బయటికి పోయే వంపు పైపు), ఓవర్‌ఫ్లో పైపు (టబ్ నిండితే ఎక్కువైన నీళ్లు పోయేది) ఆ పెట్టె వెనకే పడతాయి. పెట్టె వెనక పలక ఊడదీసేలా ఉండాలి. సిమెంటుతో మూసేస్తే రేపు లీకేజీ వచ్చినప్పుడు కింది పోర్షన్ సీలింగ్ చూసి తెలుసుకోవాలి. టబ్ దించకముందే నేలలో రెండు రోజులు నీళ్లు నిలబెట్టి కింద తడి వస్తోందో చూడండి.

పాకాల_బేల్దారి
అది మేం రోజూ చేసేదే సార్.

స్ట్రక్చర్_సార్
చేస్తే సంతోషం.

స్టేషన్_దగ్గర_లాడ్జి
తలుపులకు ప్లైవుడ్ మాత్రం తెచ్చుకోవద్దండి. డబ్ల్యూపీసీ బోర్డు (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) అయితే ఉబ్బదు. కీలు 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుది. బోరు నీళ్లకు మామూలు కీలు తుప్పు పట్టి తలుపు మీద ఎర్రగా కారతాది. తలుపులో గాలి ఆడేదానికి జాలీ సందులు కోయించండి. పెట్టె నేలకు ఆనకుండా మూడు అంగుళాలు పైకి లేపి, ముందు వైపు కింద లోపలికి తోసి పెట్టించండి. పిల్లలకు నీళ్లు పోసేటప్పుడు మీ కాలివేళ్లు ఆ సందులోకి పోతాయి, నడుం వంచే బాధ తగ్గుతాది. పోయినసారి మాకు ఇది ఎవరూ చెప్పలా.

కొర్లగుంట_కొత్తిల్లు
అందరికీ నమస్కారం. అడుగు వెడల్పు అంచు, కింద పెట్టె ఖాయం చేస్తున్నాం. అందులో పిల్లల బొమ్మలు, రాయి, అదనపు సబ్బులు. రోజూ వాడేవాటికి బయటి గోడలో ఒక గూడు, టబ్‌లో కూర్చుంటే చెయ్యి అందేట్టు అంచుకు అడుగు పైన. నూనె సీసా బయట వాష్‌బేసిన్ దగ్గరికి పోతుంది. సున్నిపిండి డబ్బాకు మూత గట్టిది చూసుకోవాలి, ఆవిరికి గడ్డ కట్టకుండా.

పుంగనూరు_పొట్టావు
సున్నిపిండి టబ్‌లో రుద్దుకుంటారా మీరు? పెసరపిండి, నూనె కలిసి ట్రాప్‌లో చేరితే సిమెంటే అది. కుంకుడు తొక్కలు దాని మీద. ప్లంబరు వచ్చి ఊడదీస్తే ముద్ద ముద్దగా వస్తాది.

ఎయిర్_బైపాస్_అమ్మాయి
మా ఇంట్లో ఎన్నేళ్లుగానో వాడుతున్నాం, ఒక్కసారీ మూసుకోలేదు. స్నానం అయ్యాక ఒక చెంబు వేడినీళ్లు పోస్తాం. అంతే.

పుంగనూరు_పొట్టావు
చెంబు వేడినీళ్లకు పిండి ఉడుకుతాది తల్లీ, పోదు. కావలిస్తే మీ ట్రాప్ విప్పి చూడండి.

పాకాల_బేల్దారి
బెజ్జం మీద స్టీలు జాలీ బుట్ట పెట్టండి, వెంట్రుకలు, తొక్కలు పైనే ఆగతాయి. ఎత్తి దులుపుకోవచ్చు. నలుగు పెట్టే రోజు మాత్రం పిల్లోళ్లను టబ్‌లో కాకుండా బయట పీట మీద కూర్చోబెట్టండి. పెద్ద జాలీ నేల ట్రాప్‌కి ఉంటాది.

అలిపిరి_మెట్లు
జాలీ బుట్ట ఎన్ని అంగుళాలది తీసుకోవాలి? మా బేసిన్‌కి తెచ్చింది లోపలికే పోయింది.

పాకాల_బేల్దారి
బెజ్జం కొలత తీసుకుని పో అన్నా. లేదంటే పాత మూత జేబులో వేసుకుని పో.