4కే పెళ్ళి వీడియోల ఎడిటింగ్‌కి అప్‌గ్రేడ్: 5700ఎక్స్ + ఆర్‌టీఎక్స్ 4060 కొటేషన్ ఇచ్చారు, తీసుకోవచ్చా?

వడపళని_ఎడిటర్

అందరికీ నమస్కారం. మాది సూళ్ళూరుపేట. చెన్నైలో వడపళనిలో ఉంటూ పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. తెలుగువాళ్ళవీ తమిళులవీ రెండూ వస్తాయి. ఇన్నాళ్ళూ ఫుటేజ్ ఫుల్ హెచ్‌డీలో వచ్చేది కాబట్టి ఇబ్బంది లేదు. ఇప్పుడు మా కెమెరామెన్ ఇద్దరూ సోనీ ఏ7 ఫోర్ కెమెరాకి మారారు. 4కే, 10 బిట్ (రంగు ఛాయలు ఎక్కువుండే) ఫైళ్ళు ఇస్తున్నారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్‌లో టైమ్‌లైన్ మీద వేసి ప్లే నొక్కితే తలంబ్రాలు గాల్లోనే ఆగిపోతున్నాయి. కలర్ కూడా వేస్తే ఇక కదలదు. విచిత్రం ఏంటంటే డ్రోన్ క్లిప్పులు కూడా 4కేనే, హెచ్.265 పద్ధతిలో కుదించినవే, అవి మాత్రం హాయిగా ఆడుతున్నాయి.

ఇప్పుడున్న సిస్టమ్: ప్రాసెసర్ రైజెన్ 5 2600, బీ450 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్4 ర్యామ్ (8+8), గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1650 4 జీబీ. విండోస్ 240 జీబీ సాటా ఎస్ఎస్‌డీలో, ఫుటేజ్ అంతా 2 టీబీ హార్డ్ డిస్క్‌లో. ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే పెట్టె) మీద 450 వాట్స్ అని రాసుంది, ఆ కంపెనీ పేరు ఇంకెక్కడా చూడలేదు.

ఇక్కడి కంప్యూటర్ షాపుల వీధి రిచీ స్ట్రీట్‌లో రెండు షాపుల్లో అడిగాను. ఒకాయన ప్రాసెసర్ రైజెన్ 7 5700ఎక్స్, కార్డు ఆర్‌టీఎక్స్ 4060, ర్యామ్ 32 జీబీ చేయమన్నాడు. రెండో ఆయన పాతదంతా తీసేసి ఇంటెల్ ప్రాసెసర్ ఐ5 14400ఎఫ్, కొత్త బోర్డు, డీడీఆర్5 ర్యామ్ పెట్టి, కార్డు తర్వాత చూసుకోమన్నాడు. నా దగ్గర 60 వేలున్నాయి. 70 దాటితే అప్పు చేయాలి. ఆషాఢంలో పని తక్కువ, శ్రావణం ముహూర్తాలు మొదలయ్యేలోపు సిస్టమ్ సిద్ధంగా ఉండాలి. ఏది తీసుకోమంటారు?

ఎస్‌పీరోడ్_సురభి

బెంగళూరు నుంచి రాస్తున్నా. మొదటి కొటేషనే నయం. బీ450 బోర్డు చేతిలో ఉండగా దాన్ని వదిలి డీడీఆర్5కి పోవడం ఇప్పుడు దండగ. 2025 చివరి నుంచి మెమరీ చిప్పులు ఏఐ సర్వర్లకి తరలిపోయి ర్యామ్ రేట్లు మండుతున్నాయి. మా ఎస్‌పీ రోడ్‌లో పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి ఉండట్లేదు. అదే సాకెట్‌లో 2600 తీసి 5700ఎక్స్ పెడితే ఆరు కోర్ల నుంచి ఎనిమిదికి వెళ్తావు, కోరు కోరుకీ వేగం కూడా బాగా పెరుగుతుంది. 4060 కూడా మంచి కార్డే, 115 వాట్లతో పనైపోతుంది.

కోడంబాకం_కలర్స్

తమ్ముడూ, పైసా ఖర్చు పెట్టే ముందు ప్రాక్సీలు వాడి చూశావా? ప్రీమియర్‌లో క్లిప్పులన్నీ ఎంచుకుని రైట్ క్లిక్ చేస్తే ప్రాక్సీ అనే మెనూ ఉంటుంది. రాత్రి పడుకునే ముందు పెట్టేస్తే పొద్దుటికి చిన్న సైజు కాపీలు తయారవుతాయి. ఎడిట్ వాటి మీద చేసుకోవచ్చు, ఎక్స్‌పోర్ట్‌కి అసలు ఫైలే వెళ్తుంది. పెద్ద సినిమాలు కూడా ఇలాగే కోస్తారు, ఇందులో నామోషీ ఏమీ లేదు.

ఇంకోటి. వరపూజ, స్నాతకం, తాళి, అప్పగింతలు ఇలా గంటల కొద్దీ వరసగా తీసే కెమెరాకి 10 బిట్ నిజంగా అవసరమా అని మీ కెమెరామెన్‌ని అడుగు. అదే కెమెరాలో 4:2:0 8 బిట్ అని రంగు సమాచారం తక్కువ రాసే రకం కూడా ఉంటుంది, అది నీ 1650 మీదే ఆడుతుంది. లాగ్ ప్రొఫైల్‌లో, అంటే తర్వాత కలర్ చేసుకోవడానికి వెలిసినట్టు తీసే పద్ధతిలో తీస్తే మాత్రం 8 బిట్ వద్దు. వెనకాల స్టేజి తెర మీద రంగు మెట్లు మెట్లుగా విరిగిపోతుంది.

వడపళని_ఎడిటర్

అక్కా, ప్రాక్సీలు చేస్తున్నాను. మామూలు ఆర్డర్లకి సరిపోతున్నాయి. కానీ ఇప్పుడు చాలామంది పొద్దున ముహూర్తం అయితే సాయంత్రం రిసెప్షన్‌లోనే స్క్రీన్ మీద హైలైట్స్ వేయమంటున్నారు. మధ్యాహ్నం కార్డులు చేతికొస్తే ఆరింటికి ఫైలు ఇవ్వాలి. ప్రాక్సీలు తయారయ్యే టైము కూడా ఉండదు.

చింతాద్రిపేట_అసెంబ్లర్

తమ్ముడూ, రెండు కొటేషన్లూ మడిచి జేబులో పెట్టుకో. నీ ప్రశ్నలోనే జవాబుంది, షాపుల వాళ్ళు అది అడగలేదు. డ్రోన్ 4కే ఆడుతోంది, కెమెరా 4కే ఆడట్లేదు. అంటే సమస్య 4కే కాదు. ప్రాసెసర్ బలం చాలకపోవడం ఒక్కటే అయితే రెండూ తడబడాలి.

వీడియో ఫైలు బిగించి చుట్టిన సరుకు. ప్లే చేసేటప్పుడు సెకనుకి పాతిక సార్లు దాన్ని విప్పాలి. గ్రాఫిక్స్ కార్డులో ఈ పనికోసం విడిగా ఒక డెకోడర్ ఉంటుంది. అది తనకు తెలిసిన ఫార్మాట్లనే విప్పుతుంది. తెలియనిది వస్తే తాకదు, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. కార్డు ఎంత ఖరీదుదైనా ఇంతే.

ఇక 4:2:2 సంగతి. వీడియోలో వెలుగు ప్రతి పిక్సెల్‌కీ విడిగా రాస్తారు. రంగుని 4:2:0లో నాలుగు పిక్సెళ్ళ చదరానికి ఒకసారి, 4:2:2లో పక్కపక్కన ఉన్న రెండిటికి ఒకసారి రాస్తారు. పెళ్ళి పనికి 4:2:2 మంచిదే. ఎర్ర పట్టుచీర మీద సన్న జరీ అంచు, నుదుటి కుంకుమ గీత కలర్ చేసేటప్పుడు చెదిరిపోవు. కానీ ఎన్‌వీడియాలో 40 సిరీస్ దాకా ఏ జీఫోర్స్ కార్డూ హెచ్.264, హెచ్.265ల్లో 4:2:2ని విప్పదు. నీ 1650 విప్పదు, వాళ్ళు చెప్పిన 4060 కూడా విప్పదు. డ్రోన్ ఫైళ్ళు 4:2:0 అయి ఉంటాయి, అందుకే ఆడుతున్నాయి.

ఇంటెల్ 12, 13, 14 తరాల ప్రాసెసర్లలో లోపల గ్రాఫిక్స్ ఉన్నవి హెచ్.265 4:2:2 10 బిట్‌ని చక్కగా విప్పుతాయి. హెచ్.264 4:2:2 10 బిట్‌ని మాత్రం విప్పవు. పైగా నీకు చెప్పినది 14400ఎఫ్. చివర ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ పనిచేయదు, కాబట్టి ఆ ఒక్క ఉపయోగం కూడా పోయింది. పాతదంతా మార్చి, డబ్బంతా పోసి, మళ్ళీ ఇదే తడబాటు దగ్గరికి వచ్చేవాడివి. నాకు కడుపు మండేది ఇక్కడే. ఎడిటింగ్‌కి అని చెప్పి కొనడానికొచ్చిన పిల్లల్ని ఏ కెమెరా, ఏ ఫైలు అని ఒక్క మాట అడగకుండా గేమింగ్ లిస్టు చేతిలో పెట్టేస్తున్నారు.

నాకు ఒక్కటి చెప్పు. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని కెమెరా క్లిప్ ఒకటి అందులో తెరువు. ఫార్మాట్ దగ్గర ఏవీసీ ఉందా, హెచ్ఈవీసీ ఉందా? క్రోమా సబ్‌శాంప్లింగ్ ఎంత? బిట్ డెప్త్ ఎంత? ఏవీసీ అంటే హెచ్.264, హెచ్ఈవీసీ అంటే హెచ్.265.

వడపళని_ఎడిటర్

చూశానన్నా. ఏవీసీ. 4:2:2, 10 బిట్స్, సెకనుకి 25 ఫ్రేములు, బిట్ రేట్ 140 మెగాబిట్లు. డ్రోన్‌ది హెచ్ఈవీసీ 4:2:0, మీరన్నట్టే. ప్లే చేసేటప్పుడు టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్ 100 దగ్గర ఉంది, కార్డులో వీడియో డీకోడ్ సున్నా.

చింతాద్రిపేట_అసెంబ్లర్

అయితే దారి ఒక్కటే, అది సులువైనదే. హెచ్.264 అయినా హెచ్.265 అయినా 4:2:2 10 బిట్‌ని విప్పే డెకోడర్‌ని ఎన్‌వీడియా 2025లో వచ్చిన 50 సిరీస్‌లో పెట్టింది. కొత్త ప్రీమియర్ దాన్ని వాడుకుంటుంది. నువ్వు 4060 వదిలి ఆర్‌టీఎక్స్ 5060 తీసుకో. అది కూడా 8 జీబీనే, కానీ నీ పనికి ఈ రెండిటికీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత దూరం. డబ్బు మరీ బిగుసుకుంటే 5050 కూడా ఇదే తరం, అదీ విప్పుతుంది.

బోర్డు మార్చకు. బీ450లో కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా నడిచే దారి పీసీఐఈ 3.0, 5060 అందులో ఎనిమిది లేన్ల మీద నడుస్తుంది. గేముల్లో కొంత తేడా రావచ్చు గానీ వీడియో విప్పడానికి ఆ దారి చాలా ఎక్కువ.

కార్డుతో పాటే ఎస్ఎంపీఎస్ మార్చాలి. ఇందులో బేరం లేదు. 5060 ఒక్కటే 145 వాట్లు తీసుకుంటుంది, దానికి 8 పిన్ కేబుల్ కావాలి. నీ పాత ఎస్ఎంపీఎస్‌లో ఆ కేబుల్ ఉండకపోవచ్చు. షాపులో మోలెక్స్ అనే పాత రకం కరెంటు ప్లగ్ నుంచి 8 పిన్‌కి మార్చే చిన్న వైరు ఇస్తామంటారు, తీసుకోవద్దు. ఆ కనెక్టర్ వేడెక్కి కరిగిపోయిన కేసులు నా బల్ల మీదకి వస్తూనే ఉంటాయి. పేరున్న కంపెనీది 550 వాట్స్, 80 ప్లస్ బ్రాంజ్, ఐదేళ్ళ వారంటీ ఉన్నది తీసుకో. 80 ప్లస్ ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్తుందే తప్ప లోపలి భాగాల నాణ్యత చెప్పదు. అందుకే ముద్ర కంటే వారంటీ ఏళ్ళు ముందు చూడు. మీ వైపు కరెంటు పోతూ వస్తూ ఉంటుంది కదా, 600 వీఏ యూపీఎస్ ఉంటే అది సుమారు 360 వాట్లు మోస్తుంది. నీ సిస్టమ్ పూర్తి లోడ్‌లో కూడా 300 లోపే ఉంటుంది, మానిటర్ కలిపితే అంచు దగ్గరికి వస్తుంది. ఎక్స్‌పోర్ట్ నడిపించడానికి కాదు, ఫైలు సేవ్ చేసి ఆపుకోవడానికి సరిపోతుంది.

మూడోది ఒక 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, అంటే నేరుగా బోర్డు మీద బిగించేది, సాటా కంటే వేగమైనది. 140 మెగాబిట్లంటే గంటకి 63 జీబీ, కెమెరాకి. హార్డ్ డిస్క్ ఒక క్లిప్‌ని వరసగా చదవగలదు గానీ, రెండు కెమెరాలూ డ్రోనూ పాటా ఒకేసారి అడిగితే లోపల ముల్లు అటూ ఇటూ పరిగెత్తి అలిసిపోతుంది. నీ బోర్డులో అది కూర్చునే ఎం.2 స్లాట్ జెన్3, అంటే అదే పీసీఐఈ 3.0. జెన్4 డ్రైవ్ పెట్టినా జెన్3 వేగంతోనే నడుస్తుంది, కాబట్టి దానికోసం ఎక్కువ పెట్టకు. లోపలి మెమరీ చిప్పులు టీఎల్‌సీ రకమా క్యూఎల్‌సీ రకమా అని అడిగి టీఎల్‌సీ తీసుకో. క్యూఎల్‌సీలో మొదటి కొన్ని జీబీలు జోరుగా ఎక్కి, క్యాష్ (వేగంగా రాసుకునే తాత్కాలిక చోటు) నిండాక కాపీ నత్తనడక పడుతుంది. రెండు కెమెరాల కార్డులు ఒకేసారి దింపే నీకు అది మొదటి మధ్యాహ్నమే తెలిసిపోతుంది. పని జరిగేవి ఎన్‌వీఎంఈలో ఉంచి, అయిపోయినవి హార్డ్ డిస్క్‌కి పంపు.

ఈ మూడూ పెట్టి ఒక పెళ్ళి ఎడిట్ చేసి చూడు. ప్రాసెసర్ గురించి తర్వాత ఆలోచిద్దాం. డబ్బు మిగిలి, ఎఫెక్టులు ఎక్కువ వాడితే 5700ఎక్స్ మంచి ఎంపికే, సురభి గారు చెప్పింది నిజం. ర్యామ్‌కి ఇప్పుడున్న రేట్లలో తొందరపడొద్దు. పని మధ్యలో టాస్క్ మేనేజర్‌లో మెమరీ చూడు, 14 జీబీ దాటి అక్కడే కూర్చుంటే అప్పుడు కొను.

ఎస్‌పీరోడ్_సురభి

4060 మాట నేను వెనక్కి తీసుకుంటున్నా, ఈ 4:2:2 సంగతి నాకు కొత్త. ఒక్క అనుమానం: సెకండ్ హ్యాండ్‌లో 3060 12 జీబీ చవగ్గా దొరుకుతోంది, మెమరీ ఎక్కువ కదా?

చింతాద్రిపేట_అసెంబ్లర్

మెమరీ ఎక్కువే, కానీ 2021 నాటి కార్డు, అదీ 4:2:2ని విప్పదు. ఈ తమ్ముడికి ఉపయోగం లేదు. త్రీడీ పని చేసేవాళ్ళకైతే ఆలోచించవచ్చు.

వడపళని_ఎడిటర్

చాలా థాంక్స్ అన్నా. ఈ వారం వెళ్తున్నాను. ప్రాసెసర్ కూడా కొంటే నేనే మార్చుకోగలనా? షాపులో గమనించాల్సినవి ఏమైనా ఉన్నాయా?

చింతాద్రిపేట_అసెంబ్లర్

శనివారం లోపే వెళ్ళు, ఆదివారం రిచీ స్ట్రీట్‌లో చాలా షాపులు మూసి ఉంటాయి. జీఎస్‌టీ బిల్లు అడుగు, దాని మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించు. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోకు. ఆ తగ్గింపు ఎంతైనా మూడేళ్ళ వారంటీ కంటే విలువైనది కాదు. డబ్బా మీది నంబరూ కార్డు మీది నంబరూ ఒకటేనా అని అక్కడే చూసుకో. కేబినెట్ లోపల కార్డుకి ఎంత పొడవు చోటుందో ఇంట్లోనే టేపుతో కొలుచుకుని వెళ్ళు.

ప్రాసెసర్ నువ్వే మార్చుకోవచ్చు. వరస మాత్రం తప్పకూడదు. 2600 బోర్డులో ఉండగానే బయాస్ (సిస్టమ్‌ని మొదలుపెట్టే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి. పాత బయాస్‌తో 5700ఎక్స్ పెడితే తెర మీద ఏమీ రాదు. అప్‌డేట్ నడుస్తున్నంతసేపూ యూపీఎస్ మీదే ఉంచు. విండోస్‌లో డ్రైవ్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే దాని రికవరీ కీ ముందే ఫోన్‌లో దాచుకో. ప్రాసెసర్ మారితే విండోస్ ఆ కీ అడుగుతుంది, లేకపోతే డ్రైవ్ తెరుచుకోదు. 5700ఎక్స్ డబ్బాలో ఫ్యాన్ రాదు. నీ 2600 ఫ్యానే బిగించవచ్చు గానీ, మన కత్తిరి ఎండల్లో గంట ఎక్స్‌పోర్ట్ అంటే పాపం దానికి భారం. ఒక చిన్న టవర్ కూలర్ తీసుకో.

కార్డు పెట్టాక పాత డ్రైవర్ తీసేసి, ఎన్‌వీడియా స్టూడియో డ్రైవర్ వేయి. ప్రీమియర్‌ని తాజా వెర్షన్‌కి తెచ్చుకుని, ప్రిఫరెన్సెస్‌లో మీడియా విభాగంలో హార్డ్‌వేర్ డీకోడింగ్ దగ్గర ఎన్‌వీడియాకి టిక్ ఉందో లేదో చూడు. తర్వాత కెమెరా క్లిప్ ప్లే చేస్తూ టాస్క్ మేనేజర్‌లో వీడియో డీకోడ్ గీత పైకి లేస్తోందా చూసి ఇక్కడ రాయి. లేవకపోతే ఆ స్క్రీన్ ఫోటో పెట్టు, ఇద్దరం కలిసి చూద్దాం.