ఓవెన్ తిరుగుతాంది గానీ వేడి కావడం లేదు, ఎవరికన్నా ఇట్ల అయిందా?

సీ క్యాంపు అక్క, కర్నూలు:
మాది ఆరేండ్ల నాటి మైక్రోవేవ్. మొన్న రాత్రి సంగటి ముద్ద పెట్టి రెండు నిమిషాలు తిప్పినా. లైటు వెలిగింది, ప్లేటు తిరిగింది, ఫ్యాను మోగింది, టైము అయిపోయి బీప్ కూడా కొట్టింది. తీసి పట్టుకుంటే ముద్ద ఎట్ల పెట్టినానో అట్లే చల్లగా ఉంది. షాపుకు తీసుకుపోతే మూత కూడా విప్పలేదు, "మ్యాగ్నెట్రాన్, అదే వేడి చేసే తరంగాలు పుట్టించే భాగం, పోయింటాది, కొత్తది కొనుక్కోండి" అనేసినారు. మా అత్తకు రాత్రిపూట రెండు మూడు సార్లు గంజి వేడి చేసియ్యాల, చల్లగుంటే ఆమెకు గొంతు దిగదు. నిజంగా పోయిందా, బాగయ్యే దారి ఏమన్నా ఉందా?

కడప ఏడురోడ్లు:
అక్కా, ఆ షాపు మాట పక్కన పెట్టి ముందు నీళ్లు పెట్టి చూడు. గాజు గ్లాసులో పావు లీటరు, ఫుల్ పవర్, ఒక నిమిషం. 800 వాట్ల ఓవెనైతే నీళ్లు 35, 40 డిగ్రీలు ఎక్కాల. వేలు పెడితే చురుక్కుమనాల. మాది ఒక్కసారిగా పోలేదు. ఆరు నెలల పాటు పాలు కాగేదానికి రోజురోజుకీ ఎక్కువసేపు పట్టింది, చివరికి మ్యాగ్నెట్రాన్ అరిగిందని తేలింది. నీది నిన్నటిదాకా బాగుండి ఈరోజు ఆగిపోయింటే ఇంకేదో అయ్యుంటాది.

ఉరవకొండ:
కరెంటు కూడా చూసుకోండక్కా. మా ఇంట్లో ఎండాకాలం సాయంత్రం వోల్టు మీటరు ముల్లు 170 దగ్గర వణుకుతా ఉంటాది. అప్పుడు ప్లేటు తిరుగుతాది, అన్నం మాత్రం వేడెక్కదు. అర్ధరాత్రి అదే గిన్నె పెడితే పొగలు కక్కుతాది.

అనంతపురం మెకానిక్:
పదిహేనేండ్లుగా ఇవే బాగు చేస్తున్నా. అక్కా, మీరు శబ్దం విని చెప్పండి. మామూలుగా స్టార్ట్ నొక్కినాక ఫ్యాను చప్పుడు కింద ఇంకో బరువైన మోత ఉంటుంది. అది ట్రాన్స్‌ఫార్మర్‌ది. ఆ మోత అసలే లేదంటే దానికి కరెంటే చేరడం లేదు. తలుపు స్విచ్చో, బోర్డు మీద కరెంటు కలిపి తీసే రిలేనో, ఎక్కువ వేడెక్కితే కరెంటు ఆపేసే థర్మల్ కటౌటో పోయింటుంది. ఇవన్నీ తక్కువ ఖర్చువి. అట్లా కాకుండా మోత మామూలు కన్నా గట్టిగా గుర్రుమంటే కరెంటును ఒక్క పక్కకే పోనిచ్చే డయోడో, కరెంటు నిల్వ పెట్టుకునే కెపాసిటరో, మ్యాగ్నెట్రానో షార్టయినట్టు. ఇన్వర్టర్ మోడల్‌లో ఆ పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, దానికి ఈ గుర్తు పట్టుకోవద్దు.

సీ క్యాంపు అక్క:
నీళ్లు పెట్టి పక్కనే నిలబడి విన్నా. ఫ్యాను తప్ప ఏ మోతా లేదు. నీళ్లు చల్లగానే ఉన్నాయి. ఎందుకో తలుపు పై మూల చేత్తో ఒత్తితే గుమ్మని మోత వచ్చింది, చేయి తీస్తే పోయింది.

అనంతపురం మెకానిక్:
అయితే దొరికిపోయింది. తలుపు కొక్కెం స్విచ్‌ను సరిగా నొక్కడం లేదు. అట్ల ఒత్తి పట్టుకొని మాత్రం వాడొద్దండి. తలుపు దగ్గర మామూలుగా మూడు స్విచ్‌లు ఉంటాయి. తలుపు తెరిచినా ఓవెన్ నడిచే పరిస్థితి వస్తే, మూడోది కావాలనే షార్ట్ చేసి ఫ్యూజు కాల్చేస్తుంది. మన ఒంటికి తరంగాలు తగలకుండా పెట్టిన ఏర్పాటు అది. "స్విచ్ ఎందుకు, వైర్లు డైరెక్టుగా కలిపేస్తా" అనే వాని చేతికి దయచేసి ఇవ్వొద్దు.

బుధవారపేట:
అన్నా, మాదీ వేడి కాదు, గుర్రుమంటాది. మల్టీమీటరు ఉంది. డయోడు నేనే చూసుకోవచ్చునా?

అనంతపురం మెకానిక్:
వద్దు తమ్ముడూ. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర దగ్గర 2000 వోల్టులు ఇస్తుంది, కెపాసిటరూ డయోడూ కలిసి దాన్ని 4000 దాకా తీసుకుపోతాయి. ప్లగ్గు పీకేసినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉండొచ్చు, ప్రాణం తీసేంత. నేను ఇన్నేండ్లు చేసినా మూత విప్పి ముందు దాన్ని ఖాళీ చేయకుండా వేలు పెట్టను. పైగా మామూలు మీటరుకు ఈ డయోడు మంచిదైనా రెండు పక్కలా ఓపెన్, అంటే కరెంటు పోవడం లేదు, అనే చూపిస్తుంది. 9 వోల్టుల బ్యాటరీ వరుసలో కలిపితేనే తేడా తెలుస్తుంది. ఆ మీటరు నమ్మి మంచి డయోడు పారేసినవాళ్లను చూసినా.

సీ క్యాంపు అక్క:
నాలుగు రోజులకు మళ్లీ రాస్తాండా. ఇంకో మెకానిక్‌ను ఇంటికే పిలిపించినా. పాత స్విచ్ నా చేతికి ఇచ్చినాడు. అగ్గిపెట్టెలో సగమంత కూడా లేదు. ఒక కాలు మాడి గోధుమరంగు తిరిగింది, దాని చుట్టూ ప్లాస్టిక్ కరిగి బుడగ లేచింది. కొక్కెం కొన కూడా అరిగి గుండ్రంగా అయింది. పిల్లోళ్లు తలుపు దబ్బున వేస్తారు, దాని వల్లేనంట. స్విచ్చూ కొక్కెమూ మార్చినాడు. ఇప్పుడు నిమిషానికే నీళ్లలో వేలు పెట్టలేకపోయినా.

అనంతపురం మెకానిక్:
సంతోషం అక్కా. ఒక్క స్విచ్చేనా, మూడూ మార్పించినారా?

సీ క్యాంపు అక్క:
మూడూ మార్పించినా అన్నా. మీ మాట చదివినాకనే అడిగినా.