ప్రొజెనిటర్ కణాన్ని ‘నారు కణం’ అనవచ్చా?

మిర్యాలగూడ నుంచి, జీవశాస్త్రం టీచర్:

అందరికీ నమస్కారం. మధుమేహం ఉన్నవారి కోసం రక్తనాళాల గురించి రెండు పేజీల కరపత్రం రాస్తూ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను.

రక్తనాళం లోపలి వైపు ఒకే ఒక్క కణం మందాన పొర ఉంటుంది. అది దెబ్బతింటే పక్కనున్న కణాలే విభజన చెంది ఆ ఖాళీని పూడుస్తాయని చాలాకాలం అనుకున్నారు. 1997లో అసహారా, ఇస్నర్‌ల బృందం పెద్దవాళ్ల రక్తంలో తిరిగే కొన్ని కణాలను వేరుచేసి, అవి ఆ పొర కణాల లక్షణాలు సంతరించుకోగలవని చూపింది. ఇవి ఎముక మజ్జ నుంచి వస్తాయని, గాయమైన చోటు నుంచి రసాయన సంకేతాలు వెలువడితే అక్కడికి చేరతాయని ఆ తర్వాత వివరించారు.

వీటిని ఇంగ్లీషులో ప్రొజెనిటర్ కణాలంటారు, తెలుగులో ‘జనక కణాలు’ అనే మాట వాడుతున్నారు. నాకది నచ్చలేదు. వ్యాధిజనకం, ప్రతిజనకం అని చదువుకున్న పిల్లలు జనక కణం అంటే ఏదో రోగాన్ని పుట్టించేదే అనుకుంటారు. ‘మూలకణం’ అందామా అంటే అది స్టెమ్ సెల్‌కు స్థిరపడిపోయింది.

మొన్న సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు పడుతుంటే గట్టు మీద నిలబడి చూశాను. నారుమడిలో పీకిన నారును నీళ్లలో జాడించి, కట్టలు కట్టి, దమ్ము చేసిన మడిలోకి విసురుతున్నారు. నాటు పూర్తయ్యాక నాలుగు కట్టలు ఒక మూల గుచ్చి ఉంచారు. ఎందుకని అడిగితే, ‘కుదుళ్లు చచ్చిన చోట పెట్టడానికమ్మా’ అన్నది ఒక అవ్వ. మజ్జ నారుమడి అయితే ఇవి నారు కణాలే కదా!

దేవరకొండ నుంచి:

అక్కా, మాట బాగుంది. కానీ శాస్త్రానికి ‘పూర్వగామి కణం’ చాలదా? నారు అంటే ఏ పైరు నారని అడుగుతారు.

మిర్యాలగూడ నుంచి:

ఆ ప్రశ్నే నాకు కావాలి తమ్ముడూ. వరి నారు వరే అవుతుంది, మిరప నారు మిరపే అవుతుంది. మూలకణం ఎన్నో రకాల కణాలుగా మారగలదు, ప్రొజెనిటర్ ఏ కణమవుతుందో చాలావరకు తేలిపోయి ఉంటుంది. పూర్వగామి అంటే ముందు నడిచేది అని మాత్రమే తెలుస్తుంది, ఏమవుతుందో తెలియదు.

కల్వకుర్తి నుంచి, రైతు:

మా వైపు పత్తి చేలో మొలక రాని ఖాళీలను పోగుంటలు అంటాం. నాళం పొరలో పడిన ఖాళీకి ఆ మాట వాడండి మేడమ్, చదివినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

నాగర్‌కర్నూల్ నుంచి, ల్యాబ్‌లో పనిచేసేవారు:

ఒక హెచ్చరిక. తర్వాతి పరిశోధనల్లో ఈ పేరుతో పిలిచిన కణాల్లో చాలావాటి అసలు స్వభావం తేలింది. అవి తెల్లకణాల జాతివి, తామే పొరగా మారవు. గాయం దగ్గరకు చేరి పెరుగుదల కారకాలను, అంటే కణాలను పెరిగేలా చేసే పదార్థాలను, విడుదల చేస్తాయి, వాటితో పక్క కణాలు పెరిగి ఖాళీని పూడుస్తాయి. నిజంగా పొర కట్టగల కణాలు వేరే రకం, రక్తంలో మరీ అరుదు. అన్నీ నాటుకుంటాయని రోగులకు చెప్పకండి.

మిర్యాలగూడ నుంచి:

ధన్యవాదాలు అన్నా, ఇది తెలియకపోతే తప్పు రాసేదాన్ని. ‘నారు పోసినవాడు నీరు పోయడా’ అంటారు. ఇక్కడ నారుది ఒక పని, నీరుది ఒక పని. నాటుకునే అరుదైన రకానికే నారు కణం అని ఉంచి, రెండో రకాన్ని ‘పోషక కణాలు’ అంటాను. కరపత్రంలో వాక్యం ఇలా మార్చాను, చూడండి:

‘నాళం లోపొరలో పోగుంట పడితే పక్క కణాలు పెరిగి దాన్ని పూడుస్తాయి. రక్తంలో వచ్చే పోషక కణాలు వాటికి బలమిస్తాయి, అరుదుగా ఉండే నారు కణాలు తామే పొరలో కలుస్తాయి. మధుమేహం, పొగతాగడం ఈ మరమ్మతును దెబ్బతీస్తాయి, రోజూ నడవడం దానికి మేలు చేస్తుంది.’

‘లోపొర’ బదులు ఇంకా మంచి మాట ఉంటే ఆదివారంలోగా చెప్పండి, సోమవారం అచ్చుకు ఇస్తున్నాను.