తమ్ముడు నిజం చెప్పాడు, ఇంట్లో ఉపవాస ప్రార్థనలు మొదలయ్యాయి

కడప_అక్క:
మాది కడప, తాతల కాలం నుంచి సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) క్రైస్తవ కుటుంబం. తమ్ముడికి 24 ఏళ్లు, చర్చి క్వయర్‌లో తబలా వాయిస్తాడు. సంబంధాలు చూడటం మొదలుపెట్టేసరికి దాచలేక, తన మనసు మగవాళ్ల మీదికే పోతుందని, హైస్కూల్ నుంచీ అంతేనని నాకు చెప్పాడు. నాన్న మాట్లాడటం మానేశాడు. అమ్మ శుక్రవారం శుక్రవారం ఉపవాసం. పాస్టర్ గారు ఇంటికొచ్చి దురాత్మ అని తల మీద చేయి పెట్టి గంటసేపు ప్రార్థన చేశారు, ఆ రోజు నుంచి వాడు చర్చికి రావడం లేదు. నేను బైబిల్ వాక్యాన్ని నమ్ముతాను. వాణ్ణీ వదులుకోలేను. ఇలాంటిది మీ ఇళ్లలో జరిగిందా?

కర్నూలు_సంఘపెద్ద:
అమ్మా, లేవీయకాండము 18:22, రోమా 1వ అధ్యాయం చదివినవాణ్ణి, అది పాపమనే నేను నమ్ముతాను, నీకోసం మాట మార్చను. కానీ 1 కొరింథీయులకు 6వ అధ్యాయంలో అదే వరసలో లోభులు, త్రాగుబోతులు కూడా ఉన్నారు కదా, వాళ్ల తల మీద చేయి పెట్టి దురాత్మ పొమ్మని మనం ఎప్పుడూ అనలేదు, పైగా కానుకలు ఎక్కువిస్తే ముందు వరసలో కూర్చోబెట్టాం. ఇది నన్ను చాలా రోజులుగా బాధపెడుతోంది. పిల్లాణ్ణి ఇంట్లోంచి మాత్రం పోనివ్వకండి.

అనంత_విశ్వాసి:
అక్కా, నేను మీ తమ్ముడిలాంటివాణ్ణే, అనంతపురం, 31 ఏళ్లు. 19 ఏళ్లప్పుడు నన్ను మూడు రోజులు అన్నం పెట్టకుండా ప్రార్థన కూటంలో ఉంచారు, తర్వాత ఒక డాక్టర్ మాత్రలిచ్చాడు, వాటితో నిద్ర పట్టింది తప్ప మనసు మారలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మార్చుతామని చెప్పే చికిత్స వృత్తిపరమైన తప్పని 2022లో మన జాతీయ వైద్య కమిషనే చెప్పింది. అమెరికాలో ప్రార్థనతో మారుస్తామని ఏళ్ల తరబడి నడిచిన ఎక్సోడస్ అనే క్రైస్తవ సంస్థ 2013లో క్షమాపణ చెప్పి మూతపడింది. నేరమన్న భయమూ అక్కర్లేదు, 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు తీర్పుతో అది పోయింది. పెళ్లి చేస్తే సర్దుకుంటాడని ఎవరైనా అంటే దయచేసి ఒప్పుకోవద్దు, వచ్చే ఆ అమ్మాయి ఏం పాపం చేసింది?

నన్ను నిలబెట్టింది అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయం. ధర్మశాస్త్రం ప్రకారం సమాజంలోకి రాకూడని నపుంసకుడు రథంలో యెషయా గ్రంథం చదువుకుంటూ పోతుంటే, ఫిలిప్పు పక్కన కూర్చుని చెప్పి, దారిలో నీళ్లు కనపడగానే బాప్తిస్మం ఇచ్చాడు. ఆయన నాలాంటివాడని నేననను. కానీ ముందు నువ్వు మారి రా అని ఫిలిప్పు అనలేదు.

ఆర్‌సీఎం_అమ్మ_కర్నూలు:
మా అబ్బాయి సంగతి తెలిసి నాలుగేళ్లు మాట్లాడలేదు నేను. క్రిస్మస్‌కి కజ్జికాయలు చేసి వాడికి మాత్రం పంపలేదు, అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఇలాంటి జంటలకు పెళ్లి చేయరు గానీ వాళ్లు అడిగితే ఆశీర్వదించవచ్చని 2023 డిసెంబర్‌లో పోప్ ఫ్రాన్సిస్ అనుమతిచ్చారని మా ఫాదర్ చెప్పారు. ఆ రోజే బెంగళూరుకు ఫోన్ చేసి, తిన్నావా నాయనా అని అడిగాను. అంతకంటే మాట రాలేదు. మీ అమ్మను నాతో మాట్లాడమను తల్లీ.

కడప_అక్క:
అందరి మాటలూ అమ్మకు చదివి వినిపించాను. కజ్జికాయల దగ్గర ఏడ్చింది. ఆదివారం ప్రొద్దుటూరు నుంచి పెళ్లిచూపులకు రావాల్సినవాళ్లకు రావద్దని నేనే ఫోన్ చేసి చెప్పాను. నాన్నకు ఈ రాత్రి చెప్పాలి, అమ్మ నా పక్కనే ఉంటానంది.