ఈ వారం సమస్య: బండి చక్రమ్ము నీటిలో పరుగులెత్తె

గట్టుమీద:
అందరికీ నమస్కారమండీ, ఈసారి తేటగీతి, పైన ఇచ్చిన సమస్యే మీ పద్యానికి చివరి పాదం కావాలి. మొన్న న్యూ ఆర్లీన్స్‌లో మా అమ్మాయి వాళ్ళు నాచెజ్ స్టీమ్‌బోట్ ఎక్కించారు, మిస్సిసిప్పి మీద తొందరేం లేకుండా అలా పోతుంటుంది, లోపల జాజ్ వాయిస్తుంటే అందరూ అక్కడ, నేను మాత్రం వెనక రెయిలింగ్ దగ్గరే ఉండిపోయా, నీళ్ళని తోస్తూ పడవని నడిపే ఆ ఎర్ర చక్రం చూస్తే చిన్నప్పటి మా ఎడ్లబండే గుర్తొచ్చింది. కాకపోతే ఇది 25 అడుగులు, 26 టన్నుల ఓక్ చెక్క! ఇక కానివ్వండి.

కొత్తకలం:
ఫస్ట్ టైమ్ రాస్తున్నా, తిట్టకండి 🙂

మిస్సిసిప్పిలో పడవపై మెల్లగాను
కాఫి చేబట్టి కూర్చుంటి గట్టు చూచి
వెనుక గిరగిర నురుగులై నీరు చిమ్మ
బండి చక్రమ్ము నీటిలో పరుగులెత్తె

యతిమాస్టారు:
తిట్టడం దేనికి బాబూ, గణాలన్నీ సరిపోయాయి. మూడో పాదంలోనే యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ మైత్రి) తప్పింది, 'వె'కి 'నీ' వేశావు, అచ్చు కుదిరింది గానీ హల్లు కుదరలేదు. 'నురుగులు వెల్లివిరియ' అని చూడు. ఇంకోటి, గట్టు చూస్తూ కూర్చున్నవాడికి వెనక చక్రం ఎలా కనబడిందోయ్?

కొత్తకలం:
హహ మెడ తిప్పా మాస్టారూ. యతి మార్చేశా.

ఒంగోలుగిత్త:
నాదీ ఒకటి.

ఓడ బండౌను, బండియే యోడ యగును
విన్న సామెత నేడిట వింతగొలిపె
ఆవిరెద్దయ్యె, కడ్డియే యయ్యె కాడి
బండి చక్రమ్ము నీటిలో పరుగులెత్తె

యతిమాస్టారు:
మూడో పాదం అదిరిందమ్మా. ఆవిరి పిస్టన్ని తోస్తే దానికి తగిలించిన పొడవాటి కడ్డీయే కదా చక్రాన్ని తిప్పేది, పోలిక ఊరికే రాలేదు. రెండో పాదం మాత్రం ఖాళీ నింపడానికి వేసినట్టుంది.

ఒంగోలుగిత్త:
దొరికిపోయా 😀

వంకలరాయుడు:
మీరంతా చక్రమే పడవని నడుపుతోందని నమ్మేస్తున్నారు, ఈ మధ్య చాలా టూరిస్ట్ బోట్లకి కింద డీజిల్‌తో తిరిగే ప్రొపెల్లర్లుంటాయి, వెనక చక్రం ఉత్త సోకే.

అడుగు పంకాలు పడవను నడుపుచుండ
పైకి షోకుగ వేలాడు పాత బొమ్మ
నీరు నెట్టగ నీటిని నెట్టితనుచు
బండి చక్రమ్ము నీటిలో పరుగులెత్తె

యతిమాస్టారు:
అడుగు-నడుపు ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరాలు కలపడం), భేష్! 'నీరు నెట్టగ నీటిని నెట్టితనుచు', అబ్బ, ఇలాంటి మనుషులు మా ఆఫీసులో బోలెడుమంది ఉండేవారు.

గట్టుమీద:
పద్యం ఒప్పుకుంటా, ఆరోపణ ఒప్పుకోను. నేనెక్కింది 1975లో కట్టిందే గానీ ఇంజన్లు 1925 నాటివి, వేరే పాత పడవలోంచి తెచ్చి పెట్టారు, ఇప్పటికీ ఆవిరే దాన్ని నడుపుతోంది, ఇంజన్ రూమ్‌లోకి వెళ్ళి మరీ చూసొచ్చాను. అన్ని పడవల్నీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

వంకలరాయుడు:
సరే సార్, 'పడవను' తీసేశా.
అడుగు పంకాలు కొన్నింట నడుపుచుండ. గణం చెడలేదుగా?

యతిమాస్టారు:
చెడలేదు. నలం (నాలుగు లఘువులు) పోయి తగణం (రెండు గురువులు, ఒక లఘువు) వచ్చింది, రెండూ అక్కడ చెల్లేవే, అంతే.