తమ్ముడు మాత్రలు మానేశాడు, ఒడిశాలోని గుణుపురంలో ఉంటున్నాం, ఏం చేయాలి?

గుణుపురం నుంచి (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉందని విశాఖలో చెప్పారు. మాత్రలు వాడినన్నాళ్లు బాగానే ఉన్నాడు, బజారులో టైలరింగ్ షాపు కూడా నడిపాడు. ఈమధ్య మానేశాడు. ఇప్పుడు రాత్రంతా నిద్రపోడు, గోడవైపు తిరిగి ఎవరితోనో మాట్లాడతాడు, ఎదురింటివాళ్లు తనని చంపడానికి చూస్తున్నారంటాడు. అమ్మ మాత్ర పొడి చేసి పప్పులో కలుపుతోంది. మా మేనమామ ఇది చిల్లంగి (చేతబడి) అంటున్నాడు, గురువు దగ్గరికి తీసుకెళ్లేదాకా గదిలో కట్టేసి ఉంచమంటున్నాడు. ప్రతిసారీ విశాఖ వెళ్లి రావడం మావల్ల కావట్లేదు. చాలా టెన్షన్‌గా ఉంది, దారి చెప్పండి.

రాయగడ నుంచి:
చెల్లెమ్మా, మా ఆవిడకి ఇదే జబ్బు. ఇప్పుడు ఇల్లు తనే చూసుకుంటోంది. ముందుగా ఒకటి అడుగుతాను. మీ తమ్ముడు మాత్రలు ఎందుకు మానేశాడో అతన్ని ఎవరైనా అడిగారా? ‘మొండితనం’ అనుకుని వదిలేయకండి. చాలామంది మానేయడానికి వాళ్ల ఒంట్లో ఏదో గట్టి కారణం ఉంటుంది. మగత, వణుకు, ఒళ్లు బిగుసుకుపోవడం, బరువు పెరగడం, ఆడవాళ్లకైతే నెలసరి ఆగిపోవడం, ఇలా ఏదైనా కావచ్చు. అది డాక్టరు చెవిన పడితే మందు మార్చడానికో డోసు తగ్గించడానికో వీలుంటుంది.

పప్పులో కలపడం మాత్రం ఈరోజే ఆపించండి. అతనికి ఇప్పటికే అందరిమీదా అనుమానం. ఒక్కసారి పట్టుకున్నాడంటే అమ్మ పెట్టిన అన్నం కూడా ముట్టడు. పైగా ఎంత మందు లోపలికి వెళ్లిందో డాక్టరుకీ తెలియదు. మధ్యలో మానేసిన మందును పాత డోసులోనే మళ్లీ మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. ముఖ్యంగా క్లోజపిన్ అనే మందు అయితే రెండు రోజులు మించి ఆగితే మళ్లీ చిన్న డోసుతో మొదలుపెట్టాల్సిందే.

కట్టేయడం గురించి మీ మేనమామగారికి గట్టిగా చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ జబ్బున్నవాళ్లను గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది. చట్టం మాట పక్కన పెట్టినా, భయంతో వణికిపోతున్న మనిషిని కడితే అతని భయమే నిజమని మనం రుజువు చేసినట్టు అవుతుంది.

జయపురం నుంచి:
మజ్జిగౌరమ్మకి మొక్కుకోండి అక్కా. మా బంధువుల్లో ఒకరికి అలాగే తగ్గింది.

రాయగడ నుంచి:
జయపురం తమ్ముడూ, మొక్కుకి నేను అడ్డు చెప్పను. మేమూ మొక్కుకున్నాం, తీర్చుకున్నాం కూడా. మందు మాత్రం ఒక్కపూట కూడా ఆపలేదు. గురువు దగ్గరికి వెళ్లినా ఫరవాలేదు. పస్తు ఉంచడం, కొట్టడం, పొగ పెట్టడం, మందు మాన్పించడం లాంటివి చెప్తే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

గుణుపురం నుంచి:
అన్నయ్యగారూ, మీరు చెప్పినట్టే నిన్న రాత్రి వాడి పక్కన కూర్చుని అడిగాను. చాలాసేపటికి ‘సూదిలో దారం ఎక్కట్లేదక్కా’ అన్నాడు. చెయ్యి చాపి చూపించాడు, వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. బొత్తాం కాజా కుట్టబోతే గుడ్డ పాడైందట, ఎవరో కస్టమర్ తిట్టాడట. ఆరోజు నుంచే మాత్రలు వేసుకోవడం లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దీనికి ఇంజెక్షన్ ఉంటుంది, నెలకొకసారి చాలు అంటున్నారు. నిజమేనా?

పర్లాకిమిడి నుంచి:
అమ్మా, నేను నర్సుగా చేశాను కాబట్టి చెప్తున్నాను. ఇంజెక్షన్ ఉంది. ఫ్లూఫెనజిన్ డెకనోయేట్ రెండు నుంచి నాలుగు వారాలకు ఒకటి, హాలోపెరిడాల్ డెకనోయేట్ నెలకు ఒకటి వేస్తారు. రోజూ మాత్ర మర్చిపోయేవాళ్లకు మంచి మార్గమే. అయితే ఈ రెండూ పాతరకం మందులు, వీటితో వణుకు, ఒళ్లు బిగుసుకుపోవడం ఎక్కువయ్యే అవకాశం ఉంది. ఒకసారి వేశాక వెనక్కి తీయలేం, వారాలపాటు ఒంట్లో ఉంటుంది. అందుకే మీ వాడి వేళ్ల వణుకు సంగతి చెప్పకుండా ఇంజెక్షన్ అడగొద్దు. ప్యాలిపెరిడోన్ అని కొత్తరకం నెల ఇంజెక్షన్ ఉంది గానీ ఖరీదు ఎక్కువ. రెండు రకాల మందులు సరైన డోసులో, సరిపడా రోజులు వాడినా గుణం కనిపించకపోతే అప్పుడు క్లోజపిన్ ఆలోచిస్తారు. దానికి మొదట్లో 18 వారాలపాటు వారంవారం రక్తపరీక్ష తప్పనిసరి, ఎందుకంటే కొందరిలో తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి.

మందు వాడేటప్పుడు మెడ ఒకవైపు తిరిగి బిగిసిపోయినా, కనుగుడ్లు పైకి నిలబడిపోయినా, తీవ్రమైన జ్వరంతో ఒళ్లు కొయ్యబారినా రేపు చూద్దామనుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రాయగడ నుంచి:
విశాఖ అవసరం ప్రతినెలా ఉండదు చెల్లెమ్మా. ముందు 14416కి ఫోన్ చేయండి. అది టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరు నుంచి కేంద్రం నడుపుతోంది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు. తర్వాత రాయగడ జిల్లా ఆసుపత్రికి ఫోన్ చేసి మానసిక వైద్యులు ఏ రోజు చూస్తారో కనుక్కుని రండి. మన ఒడిశాలో ప్రభుత్వాసుపత్రుల్లోని ‘నిరామయ’ కౌంటర్లో మందులు ఉచితం. రాసిన మందు అక్కడ లేకపోతే ఉన్నదాంతో నడిచేట్టు మార్చి రాయొచ్చా అని డాక్టరునే అడగండి. పెద్ద ఆసుపత్రి కావాలంటే బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, అటు విశాఖలో చినవాల్తేరు మానసిక ఆసుపత్రి ఎలాగూ మీకు తెలిసిందే.

ఈలోపు ఇంట్లో వాదన పెట్టుకోవద్దు. ‘ఎదురింట్లో ఎవరూ లేరురా’ అంటే నమ్మడు. ‘అవును, వాళ్లు చెడ్డవాళ్లే’ అన్నా తప్పే. ‘నాకు వినబడట్లేదు, నీకు వినబడుతోంది కదా, భయంగా ఉందా?’ అని అడగండి. ఇంట్లో సణుగుడు, తిట్లు ఎక్కువైతే జబ్బు త్వరగా తిరగబెడుతుందని పరిశోధనలు ఎప్పుడో తేల్చాయి. మా ఇంట్లో నేను కళ్లారా చూశాను. గంజాయి ఏమైనా తాగుతున్నాడేమో కూడా నెమ్మదిగా కనుక్కోండి, మన కొండప్రాంతంలో సులభంగా దొరికేస్తోంది. ఈ జబ్బున్నవాళ్లకు అది చాలా చెడు చేస్తుంది.

తిండీ నీళ్లూ మానేసినా, చచ్చిపోతానన్నా, ఎవరిమీదకైనా వెళ్లినా 108కి చెప్పండి. అలాంటి అత్యవసరంలో మానసిక వైద్యుడే కానక్కర్లేదు, రిజిస్టర్ అయిన ఏ డాక్టరైనా 72 గంటల వరకు చికిత్స ఇవ్వడానికి ఆ 2017 చట్టమే ఒప్పుకుంటుంది.

గుణుపురం నుంచి:
రాయగడ వస్తానన్నాడు! నేను తోడుంటేనే వస్తాడట. ఎన్నాళ్లు వాడాలో కూడా అడుగుతున్నాడు. పెన్షన్ ఏమైనా వస్తుందా?

పర్లాకిమిడి నుంచి:
మొదటిసారి వచ్చి తగ్గినవాళ్లు కూడా ఏడాది, రెండేళ్లు వాడాలి. తిరగబెట్టింది కాబట్టి ఇంకా ఎక్కువకాలం, ఐదేళ్లయినా పట్టొచ్చు. ఆ మాట డాక్టరు నోటితో అతని ముందే చెప్పించండి.

పెన్షన్‌కు ముందు వైకల్య ధ్రువపత్రం కావాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో మానసిక జబ్బు కూడా వైకల్యాల జాబితాలో ఉంది. వైకల్యం 40 శాతం, ఆపైన అని డాక్టర్ల బోర్డు రాస్తే యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు తీసుకుని ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పెన్షన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇప్పుడు దాని హడావుడి పెట్టుకోకండి, ముందు వైద్యం చూడండి. వచ్చేటప్పుడు విశాఖ చీటీలు, ఖాళీ స్ట్రిప్పులు, ఆధార్ తెచ్చుకోండి. ఏ మందుతో చెయ్యి వణికిందో కాగితంమీద రాయించండి, తమ్ముడి చేతే. డాక్టరు గదిలో ముందు అతన్నే మాట్లాడనివ్వండి.